తుగేలా జలపాతాన్ని గండిలో నుంచీ కొండ అంచు నుంచీ చూడటం: సమగ్ర మార్గదర్శి

ఆగస్టు నెలలో దక్షిణాఫ్రికా వెళ్లి, ప్రపంచంలో ఎత్తైన జలపాతాల్లో ఒకటని పేరున్న తుగేలాను చూడటానికి డ్రాకెన్స్‌బర్గ్ కొండల దాకా ప్రయాణించిన మనిషికి, అక్కడ నల్లని రాతిగోడ మీద ఒక తడి చార మాత్రమే కనిపించే అవకాశం ఉంది. అదే మనిషి ఏప్రిల్ మొదట్లో, నాలుగు రోజుల కిందట వాన పడిన ఉదయం వస్తే, ఐదు అంచెలుగా దిగే తెల్లని ధార పది కిలోమీటర్ల దూరం నుంచే కంటికి ఆనుతుంది. చోటు ఒకటే, కొండ ఒకటే, మారినది నెల మాత్రమే. కాబట్టి ఈ యాత్రకు టికెట్ల కంటే ముందు ఆలోచించవలసింది నీటి గురించి.

ఈ జలపాతం క్వాజులు-నటాల్ రాష్ట్రంలోని రాయల్ నటాల్ జాతీయ పార్కులో ఉంది. మొత్తం ఎత్తు 948 మీటర్లని సాధారణంగా చెబుతారు. ఐదు అంచెల్లో అన్నిటికంటే పెద్దది ఒక్కటే 411 మీటర్లు. ఆ లెక్క ప్రకారం వెనెజువెలాలోని 979 మీటర్ల ఏంజెల్ జలపాతం మొదటి స్థానంలోనూ, ఇది రెండవ స్థానంలోనూ ఉంటాయి. అయితే 2016లో చెక్ పరిశోధకులు తుగేలాను కొలిచి 983 మీటర్లు ఉన్నట్లు తేల్చడంతో, మొదటి స్థానం ఎవరిదన్న వాదన మళ్లీ మొదలైంది. యాత్రికుడు ఆ నాలుగు మీటర్ల తగవులో తలదూర్చవలసిన పని లేదు. అతను తెలుసుకోవలసింది ఒక్కటే: ఈ జలపాతాన్ని ఒక్క చోటు నుంచి చూస్తే సగమే చూసినట్లు. కింద గండిలో నుంచి చూస్తే ఎత్తు అర్థమవుతుంది, పైన అంచు దగ్గర నిలబడితే లోతు అర్థమవుతుంది. రెండింటికీ చెరొక రోజు కేటాయించాలి, వీలైతే మొదట కింది నుంచే చూడాలి.

ముందుగా కొండ స్వరూపం తెలుసుకోవడం

ఆంఫీథియేటర్ అని పిలిచే ఆ కొండగోడ నెలవంకలా వంగి, సుమారు 5 కిలోమీటర్ల పొడవున నిటారుగా నిలబడి ఉంటుంది. దానికి ఒక కొసన 3,165 మీటర్ల సెంటినెల్ శిఖరం, రెండవ కొసన 3,047 మీటర్ల ఈస్టర్న్ బట్రెస్ కాపలా కాస్తున్నట్లు ఉంటాయి. ఈ రెంటికీ నడుమ గోడ మీది నుంచి తుగేలా నది కిందికి దూకుతుంది. గోడ పైభాగం నల్లని బసాల్టు, అడుగుభాగం లేత పసుపు రంగు క్లారెన్స్ ఇసుకరాయి. సుమారు 18 కోట్ల సంవత్సరాల కిందట, గోండ్వానా మహాఖండం చీలే కాలంలో, భూమి పగుళ్ల నుంచి పొంగిన లావా పొర మీద పొరగా పరుచుకొని ఈ బసాల్టుగా గట్టిపడింది. పొరలన్నీ ఒకే గట్టితనంతో లేకపోవడం వల్ల మెత్తని పొర దగ్గర రాయి అరిగి, గట్టి పొర దగ్గర అరుగులా మిగిలింది. ధార ఒక్క దూకుతో కిందికి చేరకుండా అంచెలంచెలుగా దిగడానికి కారణం ఇదే.

ఈ నది ఎక్కడో దూరాన పుట్టి ఇక్కడికి చేరినది కాదు. అంచుకు కొద్ది కిలోమీటర్ల వెనుకనే, లెసోతో సరిహద్దు మీద ఉన్న 3,282 మీటర్ల మోంటోసూర్స్ శిఖరం పక్కన పుడుతుంది. 1836లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి మిషనరీలు అర్బూసే, దోమా ఆ శిఖరం చుట్టూ నదులు పుట్టడం చూసి దానికి 'ఊటల కొండ' అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. నదికి నీళ్లు సమకూర్చే నేల ఇంత చిన్నది కావడం వల్లనే, వాన పడిన కొద్ది గంటలకే జలపాతం ఉప్పొంగుతుంది, వానలు ఆగిన కొన్ని వారాలకే సన్నబడుతుంది. జులూ భాషలో తుకేలా అంటే ఉలిక్కిపడేలా చేసేది అని అర్థం చెబుతారు. వరదలో ఆ నదిని చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి మెట్టు: నెలను ఎంచుకోవడం

ఇక్కడ వేసవి అంటే నవంబరు నుంచి మార్చి వరకు, శీతాకాలం అంటే జూన్ నుంచి ఆగస్టు వరకు. వానలు పడేది వేసవిలోనే. అందువల్ల డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీళ్లు పుష్కలంగా ఉంటాయి కాని, దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుములతో వాన రావచ్చు, ఉదయం తొమ్మిది దాటకముందే పొగమంచు గోడను కప్పేయవచ్చు. జూన్ నుంచి ఆకాశం గాజులా తేటపడుతుంది, అయితే నీళ్లు తగ్గిపోతాయి, పైన రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోతుంది, మంచు కురుస్తుంది, నిచ్చెనల మీద మంచుపొర గడ్డకడుతుంది. గట్టి చలి పడిన సంవత్సరాల్లో జలపాతం పైభాగం గడ్డకట్టి తెల్లని స్తంభంలా వేలాడుతుంది. ఆ దృశ్యం అపురూపమే అయినా, మంచులో నడిచిన అనుభవం లేనివారు దాన్ని కింది నుంచి చూసి తృప్తి పడాలి.

నా సలహా మార్చి చివరి వారం నుంచి మే మొదటి వారం వరకు. వేసవి వానల నీరు ఇంకా పీఠభూమి గడ్డిలో ఊరుతూ ఉంటుంది, ఉరుముల వానలు మాత్రం తగ్గుముఖం పడతాయి. ఈ వ్యవధిలో కూడా ఒక చిన్న ఉపాయం పాటించాలి: రెండు రోజులే చేతిలో పెట్టుకొని వెళ్లకుండా నాలుగు రాత్రులు బస ఏర్పాటు చేసుకొని, వాటిలో అన్నిటికంటే తేటగా ఉండే ఉదయాన్ని పై నడకకు వాడుకోవాలి. కింది నడకను మేఘాలున్న రోజున చేసినా అడవీ, నదీ మిగులుతాయి. పై నడకను మేఘంలో చేస్తే తెల్లని శూన్యం తప్ప ఏమీ మిగలదు, పైగా అది ప్రమాదం.

రెండవ మెట్టు: చేరుకోవడం, బస

ఈ యాత్రలో మొదటిసారి వెళ్లేవారు పొరబడే చోటు ఇది. జలపాతం అడుగుకు వెళ్లే దారి, జలపాతం నెత్తికి వెళ్లే దారి రెండూ వేర్వేరు రాష్ట్రాల్లో మొదలవుతాయి. గాలిలో కొలిస్తే రెండింటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కాని మధ్యలో గోడ ఉన్నందువల్ల కారులో చుట్టూ తిరిగి వెళ్లడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. ఒకే చోట బస చేసి, రోజూ తెల్లవారుజామున ఆ దూరం నడపడం కంటే, రెండు రాత్రులు కింద, రెండు రాత్రులు పైన ఉండటం మంచిది.

కిందివైపు అంటే రాయల్ నటాల్ పార్కు. డర్బన్ నుంచి వచ్చేవారు ఎన్3 రహదారి మీద వచ్చి, వింటర్టన్, బెర్గ్‌విల్ పట్టణాల మీదుగా ఆర్74 పట్టుకోవాలి. జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చేవారు హారిస్మిత్ దగ్గర మలుపు తీసుకొని ఒలివియర్స్‌హుక్ కనుమ దిగాలి. ఆ దారిలో కనిపించే స్టెర్క్‌ఫాంటైన్ జలాశయంలో ఉన్నది చాలావరకు తుగేలా నీరే. కొండ మీది నుంచి దూకి మైదానం చేరిన నదిలో కొంత భాగాన్ని మళ్లీ పైకి తోడి ఇటువైపు నిలవ చేసి, వాల్ నది మీదుగా జొహానెస్‌బర్గ్ ప్రాంతానికి అందిస్తున్నారు. పార్కులో ఎజెమ్‌వేలో సంస్థ నడిపే తెండేలే విడిది ఉంది. దాని కుటీరాల వరండాలో కూర్చుంటే ఎదురుగా ఆంఫీథియేటర్ మొత్తం పరుచుకొని కనిపిస్తుంది. డేరా వేసుకునేవారికి మహాయి శిబిరం ఉంది. సెలవు దినాల్లో ఈ రెండూ ముందే నిండిపోతాయి, కాబట్టి గది దొరికిన తరువాతే విమానం టికెట్టు కొనడం మేలు.

పైవైపు చేరాలంటే హారిస్మిత్ నుంచి ఫ్రీ స్టేట్ రాష్ట్రంలోని ఫుతాదిచ్ఛాబా పట్టణం మీదుగా విట్సీస్‌హుక్ కొండవిడిదికి వెళ్లాలి. అక్కడి నుంచి నడక మొదలయ్యే సెంటినెల్ కారు పార్కింగు వరకు ఉన్న ఆఖరి కొద్ది కిలోమీటర్ల దారి గుంతలతో పాడై ఉంటుంది. మామూలు కారును దాని మీద నడపవద్దు. విడిదివారే ఎత్తైన బండిలో తీసుకువెళ్లి దింపుతారు, ముందురోజు సాయంత్రమే ఆ బండి ఎన్ని గంటలకు బయలుదేరుతుందో అడిగి చోటు చెప్పుకోవాలి. అన్నిటికంటే మొదటి బండినే ఎంచుకోవాలి.

దక్షిణాఫ్రికాలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. ప్రయాణం పగటిపూట ముగించుకోవాలి, ఎందుకంటే కొండదారుల్లో రాత్రివేళ పశువులు రోడ్డు మీదికి వస్తాయి. రుసుములన్నీ రాండ్లలో ఉంటాయి, కార్డు పనిచేయని చోట్ల కోసం కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి. ఈ కొండల్లో మలేరియా లేదు, అందుకోసం మందులు వాడనవసరం లేదు.

మూడవ మెట్టు: కింది నడక, తుగేలా గండి

తెండేలే కింద ఉన్న పార్కింగు నుంచి గండి దారి మొదలవుతుంది. వెళ్లిరావడానికి సుమారు 14 కిలోమీటర్లు, ఐదారు గంటలు. రిజిస్టరులో పేరు, బయలుదేరిన సమయం రాసి మొదలుపెట్టాలి, తిరిగి వచ్చాక దాని పక్కన మళ్లీ రాయాలి. ఎవరైనా రాలేదని తెలిసేది ఆ గడి ఖాళీగా ఉన్నప్పుడే.

మొదటి ఐదు కిలోమీటర్లు సులువైన నడక. దారి నదికి కొంత ఎత్తున కొండవాలును పట్టుకొని మెల్లగా పైకి పోతుంది. ఎండ తగిలే గడ్డివాలు మీద ప్రోటియా చెట్లు, ఆ తరువాత నీడ ఉన్న ఎల్లోవుడ్ అడవి, మళ్లీ గడ్డి, మళ్లీ అడవి. ఉదయం ఆరున్నరకు బయలుదేరమని చెప్పడానికి కారణం చలువ ఒక్కటే కాదు. గోడ తూర్పు, ఈశాన్య దిక్కులకు ముఖం పెట్టి ఉండటం వల్ల ఎండ దాని మీద నేరుగా పడేది ఉదయమే. మధ్యాహ్నం తరువాత సూర్యుడు గోడ వెనక్కి పోతాడు, అప్పుడు నల్లని రాయి నీడలో ధార కలిసిపోతుంది. ఫొటో తీసేవారు తొమ్మిదిలోపే తొలి మంచి చూపును అందుకోవాలి.

ఆఖరి రెండు కిలోమీటర్లలో దారి నదిలోకే దిగుతుంది. ఇక్కడ కాలిబాట అనేది పేరుకే, బండరాయి మీది నుంచి బండరాయి మీదికి అడుగు వేస్తూ, నదిని ఇటూ అటూ దాటుతూ పోవాలి. తడిసిన బసాల్టు కంటే తడిసిన ఇసుకరాయి కొంత నయం, పచ్చని నాచు ఉన్న ఏ రాయీ నమ్మదగినది కాదు. చెప్పులు విప్పి చేతపట్టుకొని దాటాలన్న ఆలోచన వద్దు. బూట్లు తడిస్తే ఆరుతాయి, పాదం జారితే గండిలో నుంచి బయటికి మోసుకువచ్చే దారి ఏడు కిలోమీటర్లు.

చివరికి గండి రెండు చేతులు చాచితే తగిలేంత ఇరుకైపోయి, నది ఒక సొరంగం లాంటి చీలికలో నుంచి వస్తుంది. లోపల నీరు మోకాలికి తక్కువగా ఉంటే మెల్లగా నడిచి అవతలికి పోవచ్చు. ఎక్కువగా ఉంటే పక్కనే ఉన్న గొలుసు నిచ్చెన ఎక్కి పైనుంచి దాటాలి. నీళ్లు బురదరంగులోకి మారినా, అప్పటివరకు ఆరి ఉన్న రాయి తడవడం మొదలైనా, పైన ఎక్కడో వాన పడిందని అర్థం. మీ తల మీద నీలాకాశం ఉందన్నది అప్పుడు లెక్కలోకి రాదు. వెంటనే వెనుదిరిగి, నది పడకను వదిలి ఎత్తుకు చేరాలి.

సొరంగం దాటిన తరువాత గోడ మొత్తం ఎదురుగా తెరుచుకుంటుంది. ఈస్టర్న్ బట్రెస్ పక్కన డెవిల్స్ టూత్ అనే రాతి కొమ్ము, దాని నుంచి కుడివైపుకు చూపు తిప్పితే జలపాతం. కింది అంచెలో నీరు నీటిలాగానే పడుతుంది. పై అంచెలో మాత్రం చూపు ఒక్క ముద్ద మీద నిలిపి గమనిస్తే, అది రాతిని వదిలిన తరువాత మెల్లగా విచ్చుకొని, పొగలా చెదిరి, గాలి వీచిన వైపు పక్కకు కొట్టుకుపోయి, ఎప్పటికో కింది అరుగును తడుపుతుంది. ఆ ముద్ద దిగడానికి పట్టే సమయాన్ని మనసులో లెక్కపెట్టుకుంటే, 411 మీటర్లంటే ఎంతో పుస్తకంలోని అంకె చెప్పలేనిది తెలుస్తుంది. ఇక్కడ కనీసం అరగంట కూర్చోవాలి.

నాలుగవ మెట్టు: పై నడకకు సిద్ధపడటం

సెంటినెల్ పార్కింగు ఎత్తు సుమారు 2,540 మీటర్లు, జలపాతం నెత్తి సుమారు 3,000 మీటర్లకు దగ్గర. వెళ్లిరావడానికి 12 నుంచి 14 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. దూరం గండి నడకంతే అయినా, శ్వాస త్వరగా అందకుండా పోతుంది. విట్సీస్‌హుక్‌లో ముందు రాత్రి పడుకుంటే శరీరం కొంత అలవాటు పడుతుంది.

సంచిలో ఉండవలసినవి ఎక్కువేమీ లేవు, కాని వాటిలో ఏదీ వదలకూడదు. వాననూ గాలినీ ఆపే జాకెట్టు, దాని లోపల ఉన్ని లేదా ఫ్లీసు చొక్కా, టోపీ, చేతికి అతుక్కొని ఉండే చేతి తొడుగులు, రెండు లీటర్ల నీరు, మధ్యాహ్నం దాకా సరిపడే తిండి, తలకు కట్టుకునే లైటు, ముందే ఫోనులో దించుకున్న పటం, కాగితం పటం ఒకటి. పైన వాగుల్లో నీళ్లు ఉంటాయి కాని లెసోతో పశువులు అక్కడే మేస్తాయి కాబట్టి వడగట్టి శుద్ధి చేయకుండా తాగకూడదు. నూలు బట్టలు వద్దు, చెమటతో తడిసిన నూలు ఆ గాలిలో వంటి వేడిని పీల్చేస్తుంది.

ఒంటరిగా వెళ్లడం మంచిది కాదు. అంచు మీద డేరా వేసి రాత్రి గడిపిన యాత్రికుల సామాన్లు దోచుకున్న ఘటనలు జరిగాయి. అందువల్ల మొదటిసారి వెళ్లేవారు పగటి నడకతో సరిపెట్టుకొని, స్థానిక గైడును వెంట తీసుకువెళ్లాలని గట్టిగా చెబుతాను. గైడుకు దారి తెలుసు, అంతకంటే ముఖ్యంగా ఆ రోజు మేఘం ఎటు కదులుతుందో తెలుసు. దారిలో దుప్పటి కప్పుకొని గుర్రం మీదనో, కుక్కలతోనో పోయే బసూతో పశువుల కాపరులు ఎదురవుతారు. 'దుమేలా' అని పలకరిస్తే నవ్వి బదులు పలుకుతారు. కిందివైపు జులూ మాట్లాడేవారికి 'సావుబోనా' అనాలి.

ఐదవ మెట్టు: నిచ్చెనల దాకా, నిచ్చెనల మీద

మొదటి గంట మలుపులు తిరుగుతూ ఎక్కే రాతి బాట. ఆ తరువాత దారి సెంటినెల్ శిఖరం పాదం పక్కనుంచి దాదాపు సమతలంగా సాగుతుంది. ఒకవైపు కొండ, మరోవైపు వాలు, దారి వెడల్పు చాలినంతే ఉన్నా తడిగా ఉన్నప్పుడు జాగ్రత్తగా నడవాలి. మధ్యలో ఎడమవైపు రాళ్లతో నిండిన చీలిక దారి ఒకటి పైకి పోతుంది. నిచ్చెనలంటే భయపడేవారు దాని గుండా ఎక్కుతారు. అయితే అది నిటారుగా, కదిలే రాళ్లతో ఉంటుంది, వాన వచ్చినప్పుడు వాగవుతుంది. ఎత్తు అంటే కళ్లు తిరిగేవారికి అది సుఖమని అనుకోవద్దు, చేతులతో పట్టుకొని పాకవలసిన చోట్లు అక్కడా ఉన్నాయి.

గొలుసు నిచ్చెనలు రెండు అంచెలుగా, రెండూ కలిపి సుమారు 30 మీటర్లు ఉంటాయి. పక్కపక్కనే జంటగా ఉండటం వల్ల ఎక్కేవారికీ దిగేవారికీ వేర్వేరుగా వాడుకోవచ్చు. నిచ్చెన గట్టి చట్రం కాదు, రాతికి ఆనుకొని వేలాడే గొలుసు. అందువల్ల కొన్ని మెట్లు రాతికి మరీ దగ్గరగా ఉండి, బూటు ముందుభాగం మాత్రమే వాటి మీద నిలుస్తుంది. అక్కడ మడమను కిందికి వాల్చకుండా, మోకాలిని కొద్దిగా పక్కకు తిప్పి అడుగు పెడితే పట్టు దొరుకుతుంది. ఇనుము పొద్దున్నే ఎంత చల్లగా ఉంటుందంటే తొడుగులు లేని వేళ్లు నాలుగైదు మెట్లకే మొద్దుబారతాయి. పాటించవలసిన నియమాలు ఇవి: ఒక నిచ్చెన మీద ఒక్కరే ఉండాలి, ఎప్పుడూ మూడు చోట్ల పట్టు ఉండాలి, చేతికర్రలు సంచికి కట్టేయాలి, మెడలో వేలాడే కెమెరా లోపల పెట్టాలి, దిగేటప్పుడు రాతివైపే ముఖం పెట్టాలి. పిల్లలను గైడు పర్యవేక్షణలో, తాడు కట్టి మాత్రమే ఎక్కించాలి. ఉరుము వినిపిస్తుంటే నిచ్చెనను ముట్టుకోనే వద్దు.

నిచ్చెన మొదట్లో నిలబడి ఎక్కలేనని ఎవరికైనా అనిపిస్తే, ఆ మాటను గౌరవించి తోటివారు అక్కడే ఆగాలి. దారిలో ఇంతవరకు కనిపించిన చూపులే చాలా యాత్రలను మించినవి. బలవంతంగా ఎక్కించిన మనిషి పైకి చేరినా, తిరిగి దిగవలసిన ఆలోచనతో అక్కడ ఏదీ చూడలేడు.

ఆరవ మెట్టు: అంచు దగ్గర

నిచ్చెన దాటగానే ప్రపంచం మారిపోతుంది. ఇంతసేపూ నిటారు రాయిని చూసిన కళ్లకు పొట్టి గడ్డి, చిత్తడి నేల, మెల్లగా ఒరిగిన గుట్టలు కనిపిస్తాయి. ఇక్కడే ఆగి, వెనుదిరిగి, నిచ్చెన తల ఉన్న చోటును ఫొటో తీసుకోవాలి, ఫోను పటంలో గుర్తు పెట్టుకోవాలి. పొగమంచు కమ్మితే ఆ గడ్డిమైదానంలో అన్ని దిక్కులూ ఒకేలా ఉంటాయి, వాటిలో ఒక దిక్కు కిలోమీటరు లోతు.

అక్కడి నుంచి అరగంట నడకలో తుగేలా వాగు కలుస్తుంది. దాన్ని చూసి చాలామంది ఇది ఆ నదేనా అని సందేహపడతారు. నల్లని పలకరాళ్ల మీద చిన్న మడుగు నుంచి చిన్న మడుగుకు తొణుకుతూ, సన్నబడిన చోట ఒక అంగలో దాటగలిగేంత వాగు అది. అంచుకు పది అడుగుల దూరంలో కూడా అది తొందరపడదు. చివరి పలక మీద అద్దంలా పరుచుకొని, ఆకాశాన్ని చూపించి, ఆ పలక అయిపోయిన చోట లేకుండా పోతుంది. పడిన చప్పుడు కూడా పైకి సరిగా వినిపించదు. ఇదే నది 502 కిలోమీటర్లు ప్రవహించి హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. ఆ తీరం వెంబడి చెరకు తోటల్లోనే 1860 తరువాత మద్రాసు నుంచి ఓడలెక్కి వచ్చిన ఒప్పంద కూలీలు, వారిలో ఎందరో తెలుగువారు, పనిచేశారు. ఇక్కడ చేతితో తాకిన నీళ్లు వారి పొలాల దాకా పోయినవేనన్న ఆలోచన నన్ను ఆ వాగు పక్కన నుంచి త్వరగా లేవనివ్వదు.

అంచు దగ్గర పాటించవలసిన నియమం ఒక్కటే, కాని దానికి మినహాయింపు లేదు: నీరు తడిపిన రాయి మీద అంచువైపు అడుగు వేయకూడదు. నాచు పట్టిన బసాల్టు మీద జారితే పట్టుకోవడానికి గడ్డిపరక కూడా ఉండదు. గాలి కింది నుంచి గోడను ఎగబాకి ఒక్కసారిగా పైకి తన్నుతుంది, మనిషిని వెనక్కి నెట్టినట్టే ముందుకూ లాగుతుంది. అంచును దగ్గరగా చూడాలనుకునేవారు నీటికి దూరంగా, ఆరిన రాయి మీద, బోర్లా పడుకొని చూడాలి. ఫొటో కోసం అంచుకు వీపు పెట్టి వెనక్కి అడుగులు వేయడం ఎవరూ చేయకూడదు.

జలపాతం నెత్తిన నిలబడినప్పుడు జలపాతం కనిపించదు. అంచు వెంబడి, అంచుకు తగినంత దూరం పాటిస్తూ, కొన్ని వందల మీటర్లు పక్కకు నడిస్తే గోడ వంపు తిరిగిన చోటు వస్తుంది. అక్కడి నుంచి తిరిగి చూస్తే పై అంచెలు పక్కనుంచి కనిపిస్తాయి. ముందురోజు కింద కూర్చున్న గండి అడుగున ఒక గీతలా ఉంటుంది. కింది నడకను మొదట చేయమన్నది ఇందుకే: ఆ గీతలో ఉన్న బండరాళ్లు మనిషి కంటే పెద్దవని మన కాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది. గడ్డపు రాబందులు మన పాదాల కింద గాలిలో తేలుతూ పోవడం కూడా ఇక్కడి నుంచే చూడవచ్చు.

మోంటోసూర్స్ శిఖరం ఇంకా గంటకు పైగా నడక. ఆకాశం తేటగా ఉండి, గడియారం పది దాటకపోతేనే అటు వెళ్లాలి. పన్నెండు గంటలకు ఎక్కడ ఉన్నా సరే, నిచ్చెనలవైపు తిరగాలి. వేసవిలో ఈ గడువును పదకొండుకు జరపాలి.

ఏడవ మెట్టు: వాతావరణం తిరగబడితే

మేఘం పైనుంచి దిగుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ చాలాసార్లు అది గండిలో పుట్టి గోడ వెంబడి పైకి ఎక్కి, అంచు దాటి మైదానం మీద పొర్లుతుంది. గండిలో తెల్లని పొగ నిండటం కనిపించగానే తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి. కమ్ముకుపోయిన తరువాత పటంలోని గుర్తు ఆధారంగా మాత్రమే నడవాలి, నమ్మకం లేకపోతే కదలకుండా ఒకచోట జాకెట్టు వేసుకొని కూర్చోవాలి. కూర్చున్నందువల్ల పోయేది సమయమే.

ఉరుము వినిపిస్తే ఎత్తైన రాయి నుంచి, ఒంటరి రాతికుప్ప నుంచి, వాగు నుంచి, నిచ్చెనల నుంచి దూరంగా, తక్కువ ఎత్తున్న గడ్డినేల మీద ఒకరికొకరు ఎడంగా, పాదాలు దగ్గరికి చేర్చి గొంతుకూర్చోవాలి. ఇనుప మొనలున్న కర్రలను దూరంగా పెట్టాలి. తుఫాను దాటి, నిచ్చెన మీది నీరు కొంత జారిన తరువాతే దిగాలి.

ప్రమాదం జరిగితే మొబైలు నుంచి 112కు ఫోను చేయవచ్చు. సిగ్నలు అన్ని చోట్లా అందదు, అంచు దగ్గర కొన్ని చోట్ల అందుతుంది. కదలలేని మనిషి దగ్గర ఒకరు ఉండి, ఇద్దరు కలిసి పార్కింగుకు వెళ్లి కబురు చెప్పాలి. అందుకే జట్టులో నలుగురు ఉండటం మంచిదని పాత కొండనడక మనుషులు చెబుతారు. కబురు తెచ్చేవారి చేతిలో గాయం ఏమిటో, చోటు ఎక్కడో, ఎన్ని గంటలకు జరిగిందో రాసిన కాగితం ఉండాలి.

దిగివచ్చి సెంటినెల్ పార్కింగు దగ్గర రిజిస్టరులో మీ పేరు ఎదుట తిరిగి వచ్చిన సమయం రాయండి. బండి ఎక్కే ముందు, సంచిలో తెచ్చుకున్న తిండి పొట్లాల కాగితాలు, పండ్ల తొక్కలు అన్నీ తిరిగి సంచిలోనే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఆ పీఠభూమి మీద నారింజ తొక్క చాలా కాలం కుళ్లదు, అది పడిన వాగు కొద్ది నిమిషాల్లో అంచు దాటుతుంది.